మేకుకు మూడు చుట్లు

నరసయ్యకూ యోహానుకూ మాటల్లేవు. ఏళ్ళ తరబడి లేవు. ఆ ఏళ్ళ తరబడీ నరసయ్య ప్రాణం మాత్రం యోహాను చేతుల్లోనే ఉంది. మాటవరసకు అనడం కాదు, నిజంగానే ఆ రెండు అరచేతుల మధ్య, బొటనవేలు లావు తాడు రూపంలో ఉంది. ఇదెక్కడి విడ్డూరమయ్యా అని ఎవరైనా అడిగితే, ఆ మనిషి గద్దలబోడు క్వారీకి కొత్త అన్నమాట.

వెల్దుర్తికి పడమరన చెట్టూ చేమా లేని గుట్ట గద్దలబోడు. సాగర్ కాలవల పని జోరుగా సాగుతున్న రోజులవి. రాయి ఎంత పంపినా చాలేది కాదు. త్రికోటేశ్వరరావు అనే కంట్రాక్టరు ఆ గుట్టను ఒక పక్కనుంచి కొరుక్కుంటూ వచ్చి, తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినంత ఎత్తు గోడలాగా తేల్చాడు. పొద్దున్నే మందు కూరి పేల్చేవాళ్ళు. పేల్చగానే రాయంతా బుద్ధిగా కింద పడితే ఏ గొడవా లేదు. సగమే పడేది. మిగతా సగం పగిలి కూడా పడకుండా, కదిలే పన్నులాగా గోడను పట్టుకుని ఊగుతూ ఉండేది. కింద రాళ్ళెత్తే ఆడవాళ్ళ నెత్తిన అది ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. అందుకని వాళ్ళు పనిలోకి దిగకముందే ఒక మనిషి నడుముకు తాడు కట్టుకుని, పైనుంచి గోడవెంట దిగి, గడ్డపారతో ఆ రాళ్ళను పెకలించి పడెయ్యాలి. ఆ దిగేవాడు నరసయ్య. పైన బండలో దిగేసిన ఇనప మేకుకు తాడు చుట్టి, కాస్త కాస్తగా వదిలేవాడు యోహాను.

వీళ్ళ తగువు చెప్పుకుంటే సిగ్గు. చెప్పకపోతే కథ నడవదు. యోహాను మేక నరసయ్య పంచె తినేసింది. బావమరిది పెళ్ళికి కట్టుకుందామని కొని, ఒక్కసారి తడిపి కంచె మీద ఆరేసిన సరికొత్త పంచె! జరీ అంచుతో సహా నమిలి పారేసింది. తెల్లారితే ముప్పాళ్ళలో పెళ్ళి. నరసయ్య చిరుగుల పంచెతోనే పోయి, అత్తారి పందిట్లో ముందుకు రావడానికి మొహం చెల్లక వంటవాళ్ళ పక్కన కూర్చుని తిని వచ్చాడు. అదైనా మరిచిపోయేవాడే. కానీ అడగబోతే యోహాను నవ్వాడు. "రుచి ఎట్టుందో మేకనడుగు బావా" అని పదిమందిలో పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతో మాటలు ఆగిపోయాయి.

ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు, మధ్యలో నడుమెత్తు మట్టిగోడ. ఆ గోడ మీదుగా నరసయ్య భార్య లింగమ్మ గోంగూర పచ్చడి ఇచ్చేది, యోహాను భార్య మార్తమ్మ చేపల పులుసు అందించేది. మొగుళ్ళ పోట్లాటతో వాళ్ళకేం పని? నరసయ్య ఆ పులుసు లొట్టలు వేసుకుంటూ తినేవాడు. ఎవరిచ్చారని మాత్రం అడిగేవాడు కాదు.

ఇక గుట్ట మీద సంగతి. రోజూ పొద్దున్నే నరసయ్య తాడు మొత్తం బండ మీద పరిచి, గొంతుకూర్చుని, జానెడు జానెడు చొప్పున వేళ్ళతో తడిమి చూసుకునేవాడు. అదీ యోహాను ఎదురుగానే. "ఎవర్ని నమ్ముతాం ఈ రోజుల్లో" అని యోహానుకు వినపడేట్టు గొణిగేవాడు కూడా. ఎక్కడైనా ఒక పోగు లేచి కనిపిస్తే ఆ తాడు పక్కన పెట్టాల్సిందే. యోహాను అదంతా చూసి, మూతి ముడుచుకుని, తాడును మేకుకు మూడు చుట్లు చుట్టేవాడు. చుట్టుపక్కల క్వారీల్లో అందరూ ఒక చుట్టే వేస్తారు, తాడు సులువుగా వదలొచ్చని. మూడు చుట్లు వేస్తే తాడు కదలదు, భుజాలు లాగేస్తాయి. రాత్రికి మార్తమ్మ నూనె రాయాల్సిందే.

"అందరూ ఒక చుట్టేగా వేసేది, నువ్వెందుకట్టా చచ్చేది?" అని ఆమె విసుక్కునేది.

"ఒసే పిచ్చిదానా, ఆయనకీ నాకూ పడదని మాచర్ల దాకా తెలుసు. తాడు జారితే జారిందంటారా ఎవరన్నా? కావాలని వదిలాడంటారు. పగోడి ప్రాణం నాకొద్దు తల్లీ, మొయ్యలేను."

మాటల్లేవు కాబట్టి తాడుతోనే మాట్లాడుకునేవాళ్ళు. నరసయ్య ఒకసారి లాగితే వదలమని, రెండుసార్లు లాగితే ఆపమని, గబగబా లాగితే పైకి లాగమని. యోహాను చూపు తాడు మీదినుంచి పక్కకు పోయేది కాదు. పగవాడు ఎప్పుడు ఏ వంక పెడతాడోనని భయం మరి. ఇట్లా ఒకరినొకరు అనుమానించుకుంటూ, ఒక్క చిన్న దెబ్బైనా తగలకుండా, చక్కగా పని చేసుకుపోయారు.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో క్వారీకి రామబ్రహ్మం అని కొత్త మేనేజరు వచ్చాడు. సత్తెనపల్లి మనిషి, బి.ఏ. చదివాడు. పనివాళ్ళ మధ్య మంచి సంబంధాలు ఎట్లా పెంచాలో హైదరాబాదులో క్లాసులు చెబితే విని వచ్చాడు. చెడ్డవాడైతే ఏ చిక్కూ లేకపోను. మంచివాడు! వచ్చిన వారంలోనే ఆడవాళ్ళకు తాటాకు పందిరి వేయించాడు, డ్రమ్ములో మంచినీళ్ళు పెట్టించాడు. అట్లాంటి మనిషి ఒక మాట చెబితే కాదనడం ఎవరి తరం? ఆయన నరసయ్యను ఆఫీసు షెడ్డులోకి పిలిచాడు.

"నువ్వూ యోహానూ మాట్లాడుకోరటగా?"

నరసయ్య నేల చూపులు చూశాడు. "మాట్లాడుకునే పనేముందండీ? తాడు లాగితే తెలుస్తది."

"మాట్లాడని మనిషి చేతిలో ప్రాణం పెడుతున్నావే, భయం లేదూ?"

"ఎందుకు లేదండీ! చానా భయం. అందుకేగా రోజూ తాడు చూసుకుంటన్నా."

మేనేజరు బల్ల మీద చిన్నగా చరిచాడు. "అదే నేను చెప్పేది. భయంతో పని జరగకూడదయ్యా. నమ్మకంతో జరగాలి. పరస్పర విశ్వాసం! రేపటినుంచి నీ తాడు పుల్లారావు పట్టుకుంటాడు. మీ ఇద్దరికీ స్నేహమేగా?"

నరసయ్య గుండె గుభేలుమంది. పుల్లారావు మంచివాడే. పాటలు పాడతాడు. పాడుతూ చేతులు తిప్పుతాడు. ఆ తిప్పే చేతుల్లో తన తాడు, తాడు చివర తాను, ఇంటి దగ్గర ఇంకా చెడ్డీలు కూడా వేసుకోని ముగ్గురు పిల్లలు కళ్ళముందు తిరిగారు.

"వద్దండీ. యోహాను పట్టకపోతే నేను దిగనండీ."

"యోహాను అంటే పడదుగా నీకు!"

"పడదండీ."

"మరి?"

మరేమిటో చెప్పడం నరసయ్యకు చేతకాలేదు. చెప్పడం మాట అటుంచి, అది తనకే సరిగ్గా తెలియదు. తల గోక్కున్నాడు.

"అయితే రాజీ పడండి. పడితే ఇద్దరూ కలిసి పని. పడలేదా, పుల్లారావు" అని తేల్చేశాడు మేనేజరు.

అట్లా వచ్చింది రాజీ. మంగళవారం మధ్యాహ్నం పని ఆపించి, అందరికీ టీలు పోయించి, మాచర్ల నుంచి అబ్దుల్ రహీమ్ అనే ఫోటోగ్రాఫరును కూడా పిలిపించాడు మేనేజరు. కౌగిలించుకోండి అన్నాడు. ఇద్దరూ సిమెంటు బస్తాను పట్టుకున్నట్టు ఒకరినొకరు పట్టుకున్నారు. అంతటితో అయిపోతుందని నరసయ్య అనుకున్నాడు. కానీ చెవి పక్కన యోహాను గొంతు వణికింది.

"ఆ రోజు నవ్వాను బావా. నవ్వకుండా ఉండాల్సింది."

'బావా' అన్న ఆ పిలుపు విని ఎన్నాళ్ళయింది! నరసయ్యకు ఏడుపు తన్నుకొచ్చింది. ఫోటో తీస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా బావురుమన్నాడు. "మేకకేం తెలుసులే బావా, పంచె ఎవరిదో" అన్నాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అబ్దుల్ రహీమ్ వాళ్ళను కాసేపు ఆగనిచ్చి, నవ్వమని బతిమాలి ఫోటో తీశాడు. మేనేజరు దాన్ని అద్దం కట్టించి షెడ్డులో తగిలించి, కింద 'పరస్పర విశ్వాసం' అని రాయించాడు.

ఇక చూడాలి ఆ బావల ముచ్చట. కలిసి వచ్చేవాళ్ళు, కలిసి పోయేవాళ్ళు. ఒకరి సద్ది ఒకరు తినేవాళ్ళు. ఇన్నేళ్ళ కబుర్లు ఇద్దరి కడుపుల్లోనూ నిల్వ ఉండిపోయాయాయె, ఎంత చెప్పుకున్నా తరిగేవి కావు. నరసయ్య నిజంగా సంతోషపడ్డాడు. పగ అనేది అంత బరువని దించుకునేదాకా తెలియలేదని లింగమ్మతో అన్నాడు.

రాజీ అయిన మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ తాడు పరిచి కూర్చున్నాడు. యోహాను మొహం చిన్నబోయింది.

"ఏంది బావా, ఇంకా అనుమానమేనా?"

నరసయ్యకు సిగ్గుతో తల తీసేసినట్టయింది. "అబ్బెబ్బే, ఏదో చేతులు ఊరుకోక" అని తాడు చుట్టేసి లేచాడు. యోహాను మేకు దగ్గరికి పోయి ఒక చుట్టు వేసి, రెండోది వేస్తుంటే ఈసారి నరసయ్య వేళాకోళం చేశాడు. "నీ చేతుల మీద నీకే నమ్మకం లేదా బావా?" యోహాను నవ్వి, రెండో చుట్టు తీసేశాడు. అంతే. ఆ రోజునుంచి తాడు చూసింది లేదు, మేకుకు ఒక చుట్టు మించి వేసింది లేదు. తాడు లాగి సైగ చేసే పని కూడా పోయింది, నోళ్ళున్నాయిగా! పని చకచకా సాగిపోతుంటే మేనేజరు కిందనుంచి చూసి మురిసిపోయేవాడు.

ఒకనాడు నరసయ్య గోడ సగం దిగి రాళ్ళు దులుపుతున్నాడు. పైనుంచి యోహాను, వాళ్ళ బామ్మర్ది కృష్ణలో పట్టిన వాలుగ చేప సంగతి చెబుతున్నాడు.

"ఎంత చేపనుకున్నావు బావా?"

"ఎంతేంది?"

"ఇంత!"

అంటూ రెండు చేతులూ బార్లా చాపాడు. కింద గోడకు వేలాడే మనిషికి ఆ చేతులు కనపడవు కదా, ఎవరికి చూపించినట్టు? తాడు బుస్సుమంటూ మేకు చుట్టూ పరిగెత్తింది. నరసయ్యకు కాళ్ళకింద గోడ పోయింది. లింగమ్మా అని అరిచాననుకున్నాడు గానీ గొంతులోంచి ఏమీ రాలేదు. ఉన్నట్టుండి నడుము విరిగిందా అన్నట్టు తాడు బిగిసింది. కింద రాళ్ళు నిలువెత్తు దూరంలో ఉన్నాయి.

గోడకు కాళ్ళు తన్నిపెట్టి నరసయ్య, పళ్ళు బిగించి యోహాను, ఎట్లాగో పైకి చేరారు. యోహాను అరచేతుల్లో తోలు లేదు. తాడు మీద నెత్తురు. నరసయ్య నడుముకు రెండు బారల దూరంలో, బండకు ఒరుసుకుని ఒరుసుకుని, తాడు సగం పోగులు ఎప్పుడో తెగిపోయి ఉన్నాయి. ఇద్దరూ దాన్ని చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అప్పుడు తెలిసింది నరసయ్యకు, తన పంచె తడిసిపోయిందని. చెమటతో కాదు.

కిందనుంచి పుల్లారావూ వాళ్ళూ కేకలు పెడుతూ గుట్ట ఎక్కి వస్తున్నారు. నరసయ్య మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. భూమి నోరు తెరిస్తే బాగుండునని ఉంది. యోహాను ఆ నెత్తురు చేతులతోనే తన పంచె ఊడదీసి ఇచ్చి, తాను నిక్కరుతో నిలబడి, తడిసిన పంచెను తన అరచేతులకే గుడ్డగా చుట్టుకున్నాడు.

"మేక బాకీ తీరిపోయింది బావా" అన్నాడు. "ప్రభువు మీద ఒట్టు. ఈ మాట ఈ గుట్ట దిగదు."

నరసయ్యకు అంతమంది ముందు తన పరువు నిలబెట్టిన మనిషి కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

ఇద్దరూ ఎవరికీ చేప సంగతీ చెప్పలేదు, తెగిన పోగుల సంగతీ చెప్పలేదు. ఎట్లా చెబుతారు? మేనేజరు ఆ చేతులు చూసి చలించిపోయాడు. కంట్రాక్టరును పిలిపించి మీటింగు పెట్టించి, యోహాను మెడలో దండ వేయించాడు. "అరచేతులు కాలినా తాడు వదల్లేదు! అదీ పరస్పర విశ్వాసమంటే!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గుడ్డలు చుట్టి ఉన్నందువల్ల యోహాను ఒక్కడే కొట్టలేదు. తన క్వారీలో పనివాళ్ళు ఇట్లాంటివాళ్ళని త్రికోటేశ్వరరావు మాచర్ల, గురజాల కంట్రాక్టర్లందరికీ చెప్పుకున్నాడు.

యోహాను చేతులు మానేదాకా గుట్టకు ఆ పక్క పేల్చడం ఆపారు. నరసయ్య కింద రాళ్ళు మోశాడు. చేతులు మానుతున్న కొద్దీ నరసయ్యకు దిగులు ఎక్కువైంది. మళ్ళీ దిగాలి. తాడు చూసుకోకుండా దిగితే ఏమవుతుందో తెలిసింది. చూసుకుందామంటే ఎట్లా? మామూలు బావ ఎదురుగానే తడమలేకపోయాడే, తనకోసం అరచేతులు ఒలుచుకున్న మనిషి ఎదురుగా ఏ మొహం పెట్టుకుని తడుముతాడు? చూసుకుంటే కృతఘ్నుడు, చూసుకోకపోతే లింగమ్మ ముండమోస్తుంది. ఇది బాగుంది వరస!

పని మొదలయ్యే ముందురోజు సాయంత్రం ఇద్దరూ గుట్ట మీద కూర్చున్నారు. యోహాను కొత్త తోలు వచ్చిన అరచేతులు చూసుకుంటూ మెల్లగా అన్నాడు.

"రేపు తాడు చూసుకోరాదూ బావా."

"నువ్వు పట్టినాక చూసేదేందిలే బావా. నువ్వే కావాలంటే మూడు చుట్లు వేసుకోరాదూ."

"అంటే నేను వదుల్తాననా?"

"అయ్యయ్యో! నిన్ను నమ్మకపోతే ఇంకెవర్ని నమ్మను?"

"అదే గదా బావా వచ్చిన చిక్కు" అన్నాడు యోహాను. అరచేతులు రుద్దుకుని, "పోనీ, ఏదన్నా తిట్టుకుందామా?" అన్నాడు.

నరసయ్య ఆలోచించి సరేనన్నాడు. "ఒరేయ్ యోహానూ, దొంగ సచ్చినోడా!"

"నువ్వేరా దొంగ సచ్చినోడివి. నీ మొహం మా మేక మొహంలాగుంది!"

"మీ మేకా? మా పంచె తిన్న మొహమది!"

అక్కడికి ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని దొర్లి దొర్లి నవ్వారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాక, తమ గతి ఏమవుతుందోనని ఇద్దరికీ మళ్ళీ భయం పుట్టింది.

మర్నాడు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట ప్రకారం నరసయ్య తాడు చూశాడు, యోహాను మూడు చుట్లు వేశాడు. కానీ చుట్టాలింట్లో భోజనం చేసినట్టు మొహమాటంగా చూశాడు. రెండు రోజులకు పైపైన చూశాడు. యోహాను మూడు చుట్లు రెండయ్యాయి, రెండు ఒకటయింది. వద్దు వద్దనుకుంటూనే కబుర్లు మొదలయ్యాయి. వారం తిరక్కుండానే ఒకరోజు నరసయ్య గోడకు వేలాడుతూ ఉండగా తాడు జానెడు జారి, టక్కున ఆగింది. జానెడే! పైకి వచ్చి చూస్తే యోహాను మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైంది బావా?"

"ఈగ వాలింది బావా" అన్నాడు యోహాను. "తోలబోయా."

ఆ పూట యోహాను ఇంకేం మాట్లాడలేదు. దారిలోనూ మాట్లాడలేదు. అలసిపోయాడు కాబోలనుకున్నాడు నరసయ్య.

సాయంత్రం పని దిగాక రోడ్డు పక్క టీ బంకు దగ్గర అందరూ చేరడం మామూలు. పుల్లారావు ఉన్నాడు, రాళ్ళెత్తే ఆడవాళ్ళు తట్టలు బోర్లించుకుని కూర్చున్నారు, వాళ్ళలో లింగమ్మా మార్తమ్మా ఉన్నారు. మేనేజరు కూడా గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. యోహాను లేచి గొంతు సవరించుకున్నాడు.

"మేనేజరుగారూ, ఆ తాడు జారిన రోజు అసలు సంగతి మీకు తెలీదండీ. దండ నాకెందుకండీ, మా నరసయ్యకు వెయ్యాల. నేను పైకి లాగింది మనిషిననుకున్నా, తీరా చూస్తే కారే కుండ! పంచె పిండితే మీ డ్రమ్ము నిండేదండీ. చివరికి నా పంచె ఇచ్చి దించా!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పుల్లారావు నోట్లో టీ బయటికి చిమ్మింది. ఒకరు నవ్వితే పదిమంది నవ్వారు. లింగమ్మ తల దించుకుంది. అందరి నవ్వుకన్నా పైన యోహాను నవ్వు వినపడింది. అదే నవ్వు. మేక పంచె తిన్న రోజు నవ్విన నవ్వు.

నరసయ్యకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. గ్లాసు విసిరికొట్టాడు. "ఒరేయ్! ప్రభువు మీద ఒట్టేశావు గదరా! నిన్ను నమ్మాను గదరా!" గొంతు పగిలిపోయింది. అవమానంకన్నా ఆ నమ్మిన సంగతే ఎక్కువ మండించింది.

"ఏం చేస్తావురా?" అన్నాడు యోహాను, మొహంలో మొహం పెట్టి. "రేపు నీ తాడు ఉండేది నా చేతిలోనేగా. చూసుకో."

మేనేజరు మధ్యలోకి వచ్చి విడదీశాడు. ఆ రాత్రి నరసయ్యకు ముద్ద దిగలేదు.

తెల్లారి గుట్ట మీదికి పోయి, తాడు బండ మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా పరిచాడు. గొంతుకూర్చుని జానెడు జానెడు తడిమాడు. ఒకచోట పోగు లేచినట్టు అనుమానం వస్తే ఆ తాడు అవతల పారేసి కొత్తది తెచ్చుకున్నాడు. "ఎవర్ని నమ్ముతాం ఈ రోజుల్లో" అన్నాడు గట్టిగా. యోహాను మూతి ముడుచుకుని, మేకుకు మూడు చుట్లు వేశాడు. నరసయ్య ఒకసారి లాగాడు, తాడు వదులైంది. రెండుసార్లు లాగాడు, ఆగింది. ఎక్కడా జారలేదు, ఊగలేదు.

పాపం మేనేజరు మాత్రం బాగా కుంగిపోయాడు. ఇద్దరినీ విడదీద్దామంటే కంట్రాక్టరు అప్పటికే ఊరంతా చాటుకున్నాడాయె. చూడటానికి వచ్చేవాళ్ళకు ఏం చూపిస్తారు? అందుకని ఎవరినీ కదపలేదు. ఫోటో కూడా షెడ్డులో అట్లాగే ఉంచారు. అందులో బావలిద్దరూ నవ్వుతూనే ఉన్నారు.

పుల్లారావు నరసయ్యకు 'కుండయ్య' అని పేరు పెట్టాడు. కొన్నాళ్ళు ఆ పేరు క్వారీ అంతా మోగింది. మోగినప్పుడల్లా నరసయ్య పళ్ళు నూరుకున్నాడు, మర్నాడు తాడు ఇంకో రెండుసార్లు ఎక్కువ తడిమాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం లింగమ్మ అన్నం పెట్టి, పక్కన చేపల పులుసు గిన్నె పెట్టి, వెళ్ళకుండా అక్కడే కూర్చుంది.

"మార్తమ్మ ఏడుస్తందయ్యా" అంది. "ఆయన ఆ రోజునించీ సరిగ్గా తినడం లేదంట. ఇయ్యాల గుళ్ళో ప్రభు బల్ల దగ్గర రొట్టె తీసుకోను అందరూ పోతే ఆయన లేవలేదంట. వెనకాలే కూర్చున్నాడంట. పాస్టరుగారు ఏందయ్యా అని అడిగితే, ఒట్టు తప్పినోణ్ణి అయ్యగారూ, రొట్టె ముట్టకూడదు అన్నాడంట. దానిదేముంది, పశ్చాత్తాపపడితే ప్రభువు క్షమిస్తాడన్నారంట పాస్టరుగారు."

నరసయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "పడొచ్చుగా మరి" అన్నాడు.

"పడనన్నాడంట. పడితే మళ్ళీ ఆ పని చెయ్యకూడదు గదా. అవసరమైతే మళ్ళీ చేస్తా అయ్యగారూ, అందుకని నన్ను వెనకాలే కూర్చోనియ్యండి అన్నాడంట."

నరసయ్య ముద్దను మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు. జానెడు జారిన తాడు, ఈగ, నెత్తురు చుక్క లేని ఆ మొహం ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. 'చూసుకో' అన్న మాట గుర్తొచ్చింది. లేచి గోడ దూకి, "బావా" అని కౌగిలించుకుందామని కాళ్ళు లాగాయి. కౌగిలించుకుంటే ఏమవుతుందో కూడా ఆ వెంటనే తెలిసింది.

"నువ్వొకసారి పోయి పలకరించరాదయ్యా" అంది లింగమ్మ. "నీ మంచికే చేశాడేమో."

"ఏమే!" అని ఇల్లు అదిరేట్టు అరిచాడు నరసయ్య. గోడ అవతలికి వినపడాలనే అరిచాడు. "మళ్ళీ ఆ మాటెత్తావంటే ఊరుకోను! వాడి మీద నాకు కోపం పోతే రేపు ఆ గోడ దిగేది నువ్వా?"

నరసయ్య కళ్ళు తుడుచుకుని, పులుసు గిన్నె మొత్తం అన్నంలో వంచుకుని, ఎవరిచ్చారని అడక్కుండా తిన్నాడు.

మర్నాడు గుట్ట మీద తాడు పరిచి, మామూలుకన్నా నెమ్మదిగా, ఒక్క జానెడు కూడా వదలకుండా తడిమాడు. యోహాను మేకు పక్కన నిలబడి, తొందరపెట్టకుండా, మూతి ముడుచుకుని చూస్తూ ఉన్నాడు. నరసయ్య తల ఎత్తి ఆ మొహంలోకి చూడలేదు. చూస్తే నవ్వొస్తుందో ఏడుపొస్తుందో తనకే నమ్మకం లేదు. యోహాను మూడు చుట్లు వేశాడు. నరసయ్య తాడు ఒకసారి లాగి, గడ్డపార అందుకుని గోడ దిగాడు.